తెట్టు పోయింది సరే, నూనె పోయిందా?

సముద్రంలో ఒలికిన చమురును బ్యాక్టీరియా ఎలా తింటాయి, ఆ పనిలో అవి తయారుచేసే బయోసర్ఫాక్టెంట్ల (సబ్బులాంటి పదార్థాల) పాత్ర ఏమిటి అని అడుగుతూ కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాల్సిన ఊళ్ళ నుంచి ఇన్ని ప్రశ్నలు రావడం సంతోషం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: చమురును తినే బ్యాక్టీరియా సముద్రంలోనే ఉన్నాయని, అవి సబ్బులాంటి పదార్థం కూడా తయారుచేసుకుంటాయని పిల్లలకు పాఠం చెబుతున్నాం. మరి 2017లో చెన్నై దగ్గర ఎన్నూరులో నూనె ఒలికితే జనం బకెట్లతో ఎందుకు తోడాల్సి వచ్చింది?
– ఉపాధ్యాయుడు, కడప

జవాబు: పాఠం తప్పు కాదు, బకెట్లూ తప్పు కాదు. బ్యాక్టీరియా పనికి వారాలు, నెలలు పడతాయి. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒడ్డుకు కొట్టుకొచ్చింది చిక్కటి ఓడ ఇంధనం. తారుకు దగ్గరి సరుకు అది. బ్యాక్టీరియాకు ముందు రుచించేవి కొమ్మల్లేని గొలుసు హైడ్రోకార్బన్లు, అంటే ఆల్కేన్లు. తర్వాత కొమ్మలున్నవి, ఆ తర్వాత ఒకటి రెండు వలయాల ఆరోమాటిక్‌లు. నాలుగైదు వలయాలవి, రెజిన్లు, అస్ఫాల్టీన్లు అనే బరువైన తారు భాగాలు చివరికి మిగిలిపోతాయి. చిక్కటి ఇంధనంలో ఈ చివరి సరుకే ఎక్కువ. పైగా అలల తాకిడికి నూనెలోకి నీళ్ళు చొరబడి, 60 నుంచి 80 శాతం దాకా నీరే ఉండే గోధుమరంగు ముద్ద అవుతుంది. అది పంపుకు ఎక్కదు, నూనెను చీల్చడానికి చల్లే మందుకు (డిస్పర్సెంట్‌కు) లొంగదు, బ్యాక్టీరియాకూ అందదు. కాబట్టి చేతికి అందిందంతా ముందు తోడెయ్యాలి. తోడగా మిగిలిన పొర బ్యాక్టీరియా వంతు.

ఇక సబ్బులాంటి పదార్థం సంగతి. నూనె నీళ్ళలో కరగదు, బ్యాక్టీరియా ఉండేది నీళ్ళలో. రెంటికీ మధ్య ఉన్న హద్దు మీద మాత్రమే తిండి దొరుకుతుంది. ఒక మిల్లీలీటరు నూనె ఒకే బొట్టుగా ఉంటే దాని ఉపరితలం 5 చదరపు సెంటీమీటర్లు కూడా ఉండదు. అదే నూనె 20 మైక్రాన్ల బొట్లుగా చీలితే 3,000 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఈ చీల్చే పని తేలిక చేసేవే బయోసర్ఫాక్టెంట్లు. శుద్ధజలం తలతన్యత, అంటే నీటి ఉపరితలాన్ని బిగపట్టి ఉంచే బలం, 25 డిగ్రీల దగ్గర మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. సూడోమోనాస్ ఎరుజినోసా తయారుచేసే రామ్నోలిపిడ్లు దాన్ని 30 దగ్గరికి, బాసిల్లస్ సబ్టిలిస్ తయారుచేసే సర్ఫాక్టిన్ 27 దాకా దించుతాయి. సముద్రంలో అసలు పనిమంతురాలు మాత్రం ఆల్కానివొరాక్స్ బోర్కుమెన్సిస్. ఉత్తర సముద్రంలోని బోర్కుమ్ దీవి పేరు పెట్టి 1998లో దీన్ని వర్ణించారు. చక్కెరలను పెద్దగా ముట్టదు, ఆల్కేన్లే దాని భోజనం. మామూలు రోజుల్లో వెతికినా దొరకనంత తక్కువగా ఉండి, నూనె పడగానే అక్కడి జీవుల్లో అదే ఎక్కువైపోతుంది.

అయితే నూనె చీలడం వేరు, కుళ్ళిపోవడం వేరు. ఈ నెల ఉత్తరాల్లో సగం తికమక ఇక్కడే ఉంది. చీలిన నూనె కంటికి కనబడదు. నీళ్ళ నుంచి మాత్రం పోలేదు, బొట్లుగా లోపలికి దిగింది, అంతే. దాన్ని కార్బన్ డయాక్సైడ్ దాకా తీసుకుపోవాలంటే గ్రాము నూనెకు దాదాపు 3.4 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 28 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు 6 మిల్లీగ్రాముల పైచిలుకే ఆక్సిజన్ కరిగి ఉంటుంది. లెక్క వేయండి: ఒక లీటరు నూనె పూర్తిగా కుళ్ళడానికి నాలుగు లక్షల లీటర్లకు పైగా నీటిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది. నడిసముద్రంలో గాలి, అలలు ఆ లోటు తీరుస్తాయి. ఎన్నూరు క్రీక్ లాంటి కదలని నీటిలో తీర్చలేవు, అక్కడ చేపలకు ఊపిరాడదు.

మన దేశంలో సముద్రంలో నూనె ఒలికితే ముందుండి పని చేయించేది కోస్ట్ గార్డ్. తెట్టు ఎటు పోతుందో గాలి, ప్రవాహాల లెక్కలతో అంచనా ఇచ్చేది హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్. పిల్లలకు ఈ మాట కూడా చెప్పండి.

ప్రశ్న: మాది బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం. బయోసర్ఫాక్టెంట్ తయారుచేసే బ్యాక్టీరియాను వేరుచేసి, సముద్రపు నీటిలో డీజిల్ మీద పరీక్షించాలని ప్రాజెక్టు. సముద్రం ఎక్కడో, మేమెక్కడో. మెకానిక్ షెడ్డు మట్టితో మొదలుపెట్టవచ్చా? దశలవారీగా చెప్పగలరా?
– విద్యార్థినులు, అనంతపురం

జవాబు: మొదలుపెట్టవచ్చు. ఏళ్ళ తరబడి ఆయిల్ కారి నల్లబడిన చోటు చూసుకోండి, నిన్న ఒలికిన చోటు వద్దు. పై రెండు సెంటీమీటర్ల మట్టి మన ఎండకు మాడి ఉంటుంది. దాన్ని పక్కకు గీకి, 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతు నుంచి 50 గ్రాములు స్టెరైల్ కవరులో తీసుకోండి. ఐస్ బాక్సులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించవద్దు.

బుష్నెల్-హాస్ బ్రాత్ రెడీమేడ్‌గా దొరుకుతుంది. మీరే కలుపుకుంటే లీటరుకు మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రా., కాల్షియం క్లోరైడ్ 0.02, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1, డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 1, అమ్మోనియం నైట్రేట్ 1, ఫెర్రిక్ క్లోరైడ్ 0.05, పీహెచ్ 7. ఆటోక్లేవ్ నుంచి తీశాక అడుగున తెల్లగానో పసుపుగానో మడ్డి కనబడితే కంగారుపడి పారబోయకండి, ఈ మీడియం స్వభావమే అంత. 250 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులో 100 మి.లీ. బ్రాత్, 1 గ్రాము మట్టి, 1 మి.లీ. డీజిల్. డీజిల్‌ను ఆటోక్లేవ్ చేయకూడదు, మంటకు పిలుపు అది. నూనెను తట్టుకునే 0.22 మైక్రాన్ల పీటీఎఫ్ఈ సిరంజి ఫిల్టరుతో వడకట్టండి. 30 డిగ్రీల దగ్గర 150 ఆర్‌పీఎం షేకర్ మీద ఏడు రోజులు ఉంచి, అందులోంచి 5 మి.లీ. కొత్త ఫ్లాస్కుకు మార్చండి. ఇలా మూడు మార్పిళ్ళు అయ్యేసరికి మట్టితో వచ్చిన ఇతర తిండి అయిపోయి నూనె తినేవే మిగులుతాయి. ఆ తర్వాత పలుచన చేసి ప్లేట్ల మీద పరచండి, విడివిడి కాలనీలను ఎంచుకోండి.

స్క్రీనింగ్‌కు ఒక్క పరీక్షను నమ్ముకోవద్దు. మా ఓటు ఆయిల్ స్ప్రెడింగ్‌కు. 15 సెం.మీ. పెట్రి ప్లేటులో 40 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి, దాని మీద 20 మైక్రోలీటర్ల వాడేసిన ఇంజిన్ ఆయిల్ వేసి పొర పరుచుకునే దాకా ఆగండి. సెంట్రిఫ్యూజ్ చేసిన కల్చర్ పైతేట 10 మైక్రోలీటర్లు నడిమధ్య మెల్లగా దించండి. అర నిమిషంలో నూనె పక్కకు జరిగి గుండ్రటి ఖాళీ ఏర్పడితే సర్ఫాక్టెంట్ ఉన్నట్టు. ఆ ఖాళీ వ్యాసాన్ని కొలవండి, ప్రతి నమూనాకు మూడుసార్లు. బ్యాక్టీరియా వేయని మీడియంతో కూడా ఇదే చేయాలి. ఖాళీ మీడియానికే నూనె జరిగితే మీ గాజుసామాను సబ్బు పోయేలా కడగలేదని అర్థం. ఈ ప్రాజెక్టుల్లో ఎక్కువగా మోసం చేసేది విమ్ సబ్బే. వేడినీళ్ళు, ఆల్కహాలు, చివర డిస్టిల్డ్ వాటరుతో కడిగి వాడండి.

బ్లడ్ అగార్ మీద హీమోలిసిస్ చూసి నిర్ణయించవద్దు. రక్తకణాలను చీల్చే ఎంజైములు కూడా అదే వలయాన్నిస్తాయి. సీటాబ్ అనే రసాయనం, మిథిలీన్ బ్లూ రంగు కలిపిన ప్లేటు రామ్నోలిపిడ్ లాంటి వాటికి నీలివలయం చూపిస్తుంది గానీ, సీటాబ్ గ్రామ్ పాజిటివ్ రకాలను ఎదగనివ్వదు. మంచి బాసిల్లస్ చేతికొచ్చినా ఆ ప్లేటు మీద చచ్చిపోయి, మీరు 'నెగెటివ్' అని రాసేస్తారు.

తలతన్యత కొలిచే టెన్షియోమీటర్ లేదని దిగులు వద్దు. ఒకే సూది, నిటారుగా, మూడు సెకన్లకో బొట్టు మించకుండా, ఒక మి.లీ.లో ఎన్ని బొట్లు పడ్డాయో లెక్కపెట్టండి. బొట్ల సంఖ్య పెరిగిందంటే తలతన్యత తగ్గినట్టు. నీటికి 20 బొట్లు, నమూనాకు 45 అనుకుందాం. 30 డిగ్రీల దగ్గర నీటి విలువ 71. దాన్ని 20తో గుణించి 45తో భాగిస్తే 31 లేదా 32. సాంద్రత తేడా ఇక్కడ చిన్నది. సముద్రపు నీటి మీడియమైతే ఆ నిష్పత్తితో కూడా గుణించాలి.

సముద్రపు నీటిని మీరే తయారుచేసుకోవచ్చు. లీటరుకు సోడియం క్లోరైడ్ 24.53 గ్రా., మెగ్నీషియం క్లోరైడ్ 5.20, సోడియం సల్ఫేట్ 4.09, కాల్షియం క్లోరైడ్ 1.16, పొటాషియం క్లోరైడ్ 0.695, సోడియం బైకార్బనేట్ 0.201, పొటాషియం బ్రోమైడ్ 0.101, బోరిక్ ఆమ్లం 0.027, పీహెచ్ 8.2. ఈ బరువులు స్ఫటికజలం లేని లవణాలవి. ల్యాబు సీసాలో ఉండేది సాధారణంగా ఆరు నీటి అణువులున్న మెగ్నీషియం క్లోరైడ్. అదైతే 11.1 గ్రాములు తూచాలి. రెండు అణువులున్న కాల్షియం క్లోరైడ్ అయితే 1.54. లేబుల్ చదవకుండా తూచి సగం మెగ్నీషియంతో ప్రాజెక్టు ముగించేవాళ్ళు చాలామంది. వంటింటి అయోడైజ్డ్ ఉప్పు వద్దు. నూనె తినాలంటే నత్రజని, భాస్వరం కూడా కలపాలి. అయితే ఫాస్ఫేట్‌ను, కాల్షియం లవణాన్ని కలిపి ఆటోక్లేవ్ చేస్తే రెండూ కలిసి అడుగున పేరుకుపోతాయి. విడివిడిగా స్టెరిలైజ్ చేసి, చల్లారాక కలపండి. మట్టి బ్యాక్టీరియా అంతా ఈ ఉప్పును తట్టుకోదు. పది రకాల్లో రెండో మూడో నిలబడినా మీ ప్రాజెక్టుకు చాలు.

ఒక హెచ్చరిక. నల్లమట్టి నుంచి పచ్చటి రంగు, ద్రాక్షపండు వాసనతో వచ్చే కాలనీ సూడోమోనాస్ ఎరుజినోసా అయ్యే అవకాశం ఎక్కువ. కాలిన గాయాలకు, బలహీనంగా ఉన్న రోగులకు అది ప్రమాదకరం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, నోటితో పిపెట్ చేయొద్దు. పని అయ్యాక 121 డిగ్రీల దగ్గర కనీసం అరగంట ఆటోక్లేవ్ చేశాకే పారబోయండి. నూనె తింటుంది కదా అని కాలేజీ కాలువలో వదిలే పని అసలే వద్దు.

ప్రశ్న: మా ఐసోలేట్‌కు (వేరుచేసిన బ్యాక్టీరియాకు) ఇ24 విలువ 70 శాతం వచ్చింది. తలతన్యత మాత్రం 72 నుంచి 58కే దిగింది. పది రోజుల్లో డీజిల్ 92 శాతం తగ్గిందని రాశాం, ఎగ్జామినర్ ఒప్పుకోలేదు. తప్పు ఎక్కడుంది?
– ఎమ్మెస్సీ విద్యార్థి, కర్నూలు

జవాబు: మొదటిదాంట్లో తప్పేమీ లేదు. ఇ24 అంటే సమానంగా తీసుకున్న కిరోసిన్, పైతేటను రెండు నిమిషాలు వోర్టెక్స్ చేసి, 24 గంటల తర్వాత ఎమల్షన్ పొర (నూనె, నీరు కలిసిపోయి పాలలా నిలిచిన పొర) ఎత్తును మొత్తం ద్రవం ఎత్తుతో భాగించి నూటితో గుణించడం. అది చెప్పేది ఎమల్షన్ ఎంతసేపు నిలబడిందని. తలతన్యత ఎంత దిగిందని కాదు. చిన్న అణువులు, అంటే రామ్నోలిపిడ్, సర్ఫాక్టిన్ లాంటివి తలతన్యతను బాగా దించుతాయి. పెద్ద అణువులు, పాలీశాకరైడ్లు, ప్రోటీన్లు కలిసినవి, తలతన్యతను అంతగా దించకుండానే బొట్లకు కవచంలా పట్టి ఎమల్షన్‌ను నిలబెడతాయి. అసినెటోబాక్టర్ చేసే ఎమల్సాన్ ఈ కోవదే. మీది బయోఎమల్సిఫయర్ అయ్యుండవచ్చు. మీడియంలో పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వేసి ఉంటే మాత్రం ముందు వాటిని అనుమానించండి.

రెండోదాంట్లో ఎగ్జామినర్‌దే న్యాయం. దూది మూతతో, 35 డిగ్రీల గదిలో, పది రోజులు ఊగిన డీజిల్‌లో ఎంత గాలిలో కలిసిందో మీ లెక్కలో లేదు. పోలిక కోసం (కంట్రోల్‌గా) బ్యాక్టీరియా లేని స్టెరైల్ ఫ్లాస్కులు మూడు, అదే షేకర్ మీద, అదే మూతలతో ఉండాలి. ఉదాహరణకు 1 మి.లీ. డీజిల్, అంటే 830 మి.గ్రా. తో మొదలుపెట్టారనుకోండి. పది రోజులకు స్టెరైల్ ఫ్లాస్కులో 500, బ్యాక్టీరియా ఉన్నదాంట్లో 300 మిగిలాయి. 830 నుంచి లెక్కిస్తే 64 శాతం. నిజానికి బ్యాక్టీరియా ఖాతాలో వేయాల్సింది 500లో 200, అంటే 40 శాతం. డీజిల్‌ను ముందే బీకరులో మూత లేకుండా ఫ్యూమ్ హుడ్‌లో ఉంచి, బరువు నిలకడ అయ్యాక వాడితే ఈ గొడవ చాలా వరకు తగ్గుతుంది. కొందరు కంట్రోల్‌లో సోడియం అజైడ్ వేస్తారు. ఆమ్లం తగిలితే అది విషవాయువునిస్తుంది, రాగి, సీసం పైపుల్లో పేలే లవణాలు చేస్తుంది. కాలేజీ ల్యాబులో ఆటోక్లేవ్ చేసిన కంట్రోల్‌తోనే సరిపెట్టుకోండి.

తర్వాత, ఎక్స్‌ట్రాక్షన్. సర్ఫాక్టెంట్ ఉన్న ఫ్లాస్కులో నూనె సన్నటి ఎమల్షన్‌గా నీటిలోనే ఉండిపోతుంది. ఒక్కసారి హెక్సేన్‌తో కడిగి వదిలేస్తే బయటికి రాదు, మీరు 'కుళ్ళింది' అని రాస్తారు. ఆమ్లం వేసి పీహెచ్ 2కు దించి, 25 మి.లీ. చొప్పున మూడుసార్లు తీయండి. ఎమల్షన్ విడిపోకపోతే కాస్త ఉప్పు వేయండి లేదా సెంట్రిఫ్యూజ్ చేయండి. ఫ్లాస్కు గోడలను కూడా అదే సాల్వెంటుతో కడగండి. ఇందుకు రివర్సులో జరిగే తప్పు కూడా ఉంది: బ్యాక్టీరియా కొవ్వులు, రామ్నోలిపిడ్ కూడా సాల్వెంటులోకి వచ్చి నూనె బరువులో కలుస్తాయి. చిన్న సిలికా జెల్ కాలమ్ గుండా పంపితే అవి ఆగిపోతాయి.

గ్యాస్ క్రొమటోగ్రఫీ సౌకర్యం దొరికితే రెండు జంటలు చూడండి: 17 కార్బన్ల ఆల్కేన్‌కు ప్రిస్టేన్, 18 కార్బన్ల ఆల్కేన్‌కు ఫైటేన్. ప్రతి జంటలో రెండూ దాదాపు ఒకే వేడికి ఆవిరవుతాయి. బ్యాక్టీరియా మాత్రం కొమ్మల్లేనిదాన్ని ముందు తింటుంది. నిష్పత్తి పడిపోతే అది ఎండ పని కాదు, బ్యాక్టీరియా పనే. ఎగ్జామినర్ నోరు మూయించేది 92 శాతం కాదు, ఈ నిష్పత్తి.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. బుష్నెల్-హాస్‌లో లీటరుకు నత్రజని 350 మి.గ్రా. ఒక శాతం డీజిల్‌లో కార్బన్ లీటరుకు సుమారు 7 గ్రాములు. కార్బన్, నత్రజని నిష్పత్తి 20కి 1. నూనె బాగా కుళ్ళాలంటే కార్బన్ 100 పాళ్ళకు నత్రజని 10, భాస్వరం 1 అని వాడుక లెక్క. అంటే నత్రజని సగానికే ఉంది. రామ్నోలిపిడ్ తయారీకి ఇది మంచిదే. ఎదుగుదల ఆగి, నత్రజని అయిపోయి, కార్బన్ మిగిలినప్పుడే సూడోమోనాస్ దాన్ని ఎక్కువగా చేస్తుంది, అమ్మోనియం కంటే నైట్రేట్ ఇస్తే ఇంకా ఎక్కువ. కానీ కుళ్ళబెట్టడానికి ఇదే అడ్డంకి. ఒకే ఫ్లాస్కులో సర్ఫాక్టెంటూ గరిష్ఠం, కుళ్ళడమూ గరిష్ఠం అంటే కుదరదు. కుళ్ళే పరీక్షకు డీజిల్‌ను 0.5 శాతానికి తగ్గించండి, నిష్పత్తి 10కి 1 అవుతుంది. సర్ఫాక్టెంట్ తయారీకి వేరే ఫ్లాస్కు పెట్టుకోండి. సర్ఫాక్టెంట్ పెరిగిన కొద్దీ కుళ్ళడం పెరుగుతుందన్న వాక్యాన్ని కూడా థీసిస్‌లోంచి తీసేయండి. మోతాదు మించితే అది నూనెకు అతుక్కున్న కణాలను ఊడగొడుతుంది, కొన్ని బ్యాక్టీరియా నూనెను వదిలి సర్ఫాక్టెంట్‌నే తింటాయి.

ప్రశ్న: కుంకుడుకాయ నురగ కూడా ఇలాంటిదేనా? రసాయనం కాదు కాబట్టి సముద్రంలోనో చెరువులోనో నూనె పడితే వాడవచ్చా?
– గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: కుంకుడులోవి సపోనిన్లు. మొక్కల నుంచి వచ్చే సహజ సర్ఫాక్టెంట్లు, సబ్బు కావు. అందుకే సబ్బు నురగ రాని మన బోరునీళ్ళలో కూడా కుంకుడు నురగ వస్తుంది. సబ్బైతే కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డి కడుతుంది. నూనెనూ బాగానే చీలుస్తుంది. కానీ సపోనిన్లు చేపల మొప్పలను దెబ్బతీస్తాయి. చెరువులో చేపలను మత్తెక్కించి పట్టడానికి ఇలాంటి కాయలను పాతకాలం నుంచీ వాడుతున్నారు. చెరువులో వద్దమ్మా, తలకే వాడండి.

ప్రశ్న: నాకు బైకుల సర్వీసింగ్ పాయింట్ ఉంది. వాషింగ్ నీళ్ళు ఆయిల్‌తో సహా కాలువలోకి పోతున్నాయని వీధివాళ్ళు గొడవ. నూనె తినే బ్యాక్టీరియా పౌడరు వేస్తే చాలని ఒకాయన అమ్మజూపాడు. కొనమంటారా?
– కర్నూలు

జవాబు: వద్దు. ముందు తొట్టి కట్టించండి. నూనె నీటిపైకి తేలే వేగం బొట్టు సైజు వర్గాన్ని బట్టి ఉంటుంది. 60 సెం.మీ. లోతు నీటిలో 150 మైక్రాన్ల ఇంజిన్ ఆయిల్ బొట్టు ఐదారు నిమిషాల్లో పైకి చేరుతుంది. 20 మైక్రాన్లదైతే ఐదు గంటలు. 5 మైక్రాన్లదైతే మూడు రోజులు దాటుతుంది. షాంపూ, డిటర్జెంట్, ఆ పౌడరులోని సర్ఫాక్టెంట్, అన్నీ బొట్టును చిన్నది చేసేవే. తొట్టిలో నిలవాల్సిన నూనెను మీరే కాలువలోకి సాగనంపినట్టవుతుంది. వీధివాళ్ళకు తెట్టు కనబడదు, కాలువలో నూనె మాత్రం అంతే ఉంటుంది.

తొట్టి మూడు గదులుగా ఉండాలి. మొదటిది మట్టి దిగడానికి. నడిమిది నూనె తేలడానికి, పొడవు 1.5 మీ., వెడల్పు 0.6, నీటి లోతు 0.6, అంటే 540 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు వస్తే నీరు అందులో 54 నిమిషాలు నిలుస్తుంది. బయటికి పోయే పైపును పైనుంచి పెట్టకండి. టీ ఆకారపు పైపు ముక్క బిగించి, దాని నోరు అడుగుకు 20 సెం.మీ. పైన ఉండేలా కిందికి దించండి, నూనె పైనే ఆగుతుంది. మూడోది, పోయే నీళ్ళను చూసుకోవడానికి. ఇంజిన్, చైను భాగాలను ముందు డీజిల్ తడిపిన గుడ్డతో తుడిచి, ఉత్త నీళ్ళతో కడిగి తొట్టిలోకి పంపండి. షాంపూ వాష్ నీళ్ళు వేరే దారిలో పోనివ్వండి. ప్రెషర్ గన్ కూడా బొట్లను పగలగొడుతుంది, నూనె పట్టిన చోట ఒత్తిడి తగ్గించండి. పైన నూనె రెండు మూడు సెం.మీ. పేరుకోగానే ఎత్తి డ్రమ్ములో పోయండి. వాడేసిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. మురుగుకాలువలోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 20 మి.గ్రా. మించకూడదు, చెరువు, వాగులోకైతే 10.

ప్రశ్న: మాది డోన్ పక్క పల్లె. హైవే మీద ట్యాంకర్ బోల్తా పడి డీజిల్ అంతా మా చేన్లోకి పారింది. వాసన ఇంకా పోలేదు. సముద్రంలో వాడే మందే చల్లితే నేల బాగవుతుందా సార్? ఏం చేయాల?
– రైతు, నంద్యాల జిల్లా

జవాబు: ఆ మందు నేలకు పనికిరాదు. సర్ఫాక్టెంట్ వేస్తే మట్టిని పట్టుకుని ఉన్న డీజిల్ వదులై, వానతో కిందికి దిగి బోరు దాకా పోవచ్చు. చుట్టూ గట్టు వేయండి, వాన నీరు లోపలికి రాకుండా, లోపలిది బయటికి పోకుండా. డీజిల్ ముద్దగా ఉన్న మట్టిని పారతో ఎత్తి టార్పాలిన్ మీద వేయండి. కాల్చడం వద్దు. ఫొటోలు, పోలీసు రికార్డు ఉంచుకోండి, పరిహారానికి కావాలి.

మిగిలిన నేల లెక్క ఇలా వేసుకోండి. రెండున్నర సెంట్ల జాగాలో, అంటే వంద చదరపు మీటర్లలో, ఒక డ్రమ్ము, 200 లీటర్లు ఇంకిందనుకుందాం. మన ఎండకు సగం ఆవిరైపోతుందనుకున్నా, మిగతా సగానికి 7 కిలోల నత్రజని, 700 గ్రాముల భాస్వరం కావాలి. డీఏపీ మూడున్నర కిలోలు, యూరియా 14 కిలోలు. ఇది పంటకిచ్చేదానికి ఎన్నో రెట్లు. ఒకేసారి వేస్తే ఉప్పు, అమ్మోనియా ఎక్కువై బ్యాక్టీరియాకే దెబ్బ. నాలుగు విడతలుగా, మూడు వారాలకోసారి వేయండి. చివికిన పశువుల ఎరువు 300 కిలోలు కలిపితే బ్యాక్టీరియా, తడి రెండూ నిలుస్తాయి. వారానికోసారి గుంటక తోలి మట్టిని తిరగేయండి, గాలి అందాలి. తడి ముఖ్యం: పిడికిట పిసికితే ఉండ కావాలి, నీరు కారకూడదు. మన దగ్గర ఈ పని చెడేది ఎక్కువగా ఇక్కడే. ఎండకు మట్టి ఎండిపోతే బ్యాక్టీరియా పని ఆపేస్తుంది, పొడిగా ఉన్న నాలుగు నెలలూ వృథా. ఎర్రనేలైతే త్వరగా బాగుపడుతుంది. నల్లరేగడి అయితే గాలి అందక ఆలస్యం, పైగా నెర్రెల్లోంచి డీజిల్ లోతుకు దిగి ఉంటుంది.

మూడు నెలలకు ఒక కుండలో ఆ మట్టి, ఇంకో కుండలో మంచి మట్టి పోసి, ఇరవై జొన్న గింజల చొప్పున వేయండి. వారంలో రెండిట్లో సమానంగా మొలిస్తే ఒక పైరు జొన్న వేసి చూడండి, ఆ చొప్పను పశువులకు వేయొద్దు. వేరుశనగకు తొందరపడకండి.

ప్రశ్న: జిన్నింగ్ మిల్లులో పని చేస్తాను. పత్తి నీళ్ళను కాకుండా నూనెను మాత్రమే పీలుస్తుందని విన్నాను, నిజమా?
– ఆదోని

జవాబు: జిన్ నుంచి వచ్చిన పచ్చి పత్తికి నిజమే. దాని పోగుల మీద మైనపు పూత ఉంటుంది. నీరు అంటదు, నూనె తన బరువుకు ఇరవై, ముప్పై రెట్లు పడుతుంది. మెడికల్ షాపు దూదికి ఆ మైనం తీసేస్తారు, అది నీళ్ళు పీల్చి మునిగిపోతుంది. బూరుగుదూది కూడా బాగా పనిచేస్తుంది. బావిలో మోటారు ఆయిల్ పడితే వలసంచిలో నింపిన పచ్చి పత్తిని తాడు కట్టి పైన తేలించండి, బరువెక్కగానే తీసి మార్చండి. ముందు సబ్బు వేస్తే మాత్రం పత్తికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ప్రశ్న: ఆనంద చక్రవర్తి చేసిన 'సూపర్‌బగ్'ను సముద్రంలో ఎప్పుడైనా వాడారా? ఇప్పుడు రామ్నోలిపిడ్‌నే తయారుచేసి చల్లవచ్చు కదా?
– ఇంటర్ విద్యార్థి, కడప

జవాబు: వాడలేదు. పశ్చిమ బెంగాల్‌లో పుట్టిన ఆనంద మోహన్ చక్రవర్తి, వేర్వేరు హైడ్రోకార్బన్లను తినే శక్తినిచ్చే ప్లాస్మిడ్లను (బ్యాక్టీరియాలోని చిన్న డీఎన్ఏ వలయాలను) ఒకే సూడోమోనాస్‌లో చేర్చి 1972లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1980 జూన్ 16న అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో జీవికి పేటెంటు ఇవ్వవచ్చని తీర్పునిచ్చింది. న్యాయశాస్త్రంలో పెద్ద మలుపు, సముద్రంలో ఏమీ మారలేదు. జన్యుమార్పిడి చేసిన జీవులను బయట వదలడానికి ఆంక్షలున్నాయి. అంతకంటే ముఖ్యమైనది, నూనె తినేవి సముద్రంలో ముందే ఉన్నాయి. వాటికి కొరత బ్యాక్టీరియా కాదు, నత్రజని, భాస్వరం. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి సుమారు నాలుగు కోట్ల లీటర్లు ఒలికినప్పుడు ఒడ్డున చల్లింది బ్యాక్టీరియాను కాదు, ఎరువును. మామూలు యూరియా అలలకు కొట్టుకుపోతుంది కాబట్టి నూనెకు అతుక్కునే ఇనిపాల్, మెల్లగా కరిగే కస్టంబ్లెన్ గుళికలు వాడారు. రాళ్ళ పైభాగాల మీద పని వేగం పెరిగింది. గులకరాళ్ళ అడుగుకు దిగిన నూనె, గాలి అందక, దశాబ్దాల తర్వాత కూడా దొరుకుతూనే ఉంది. మన దేశంలో టెరి పరిశోధన సంస్థ ఐదు రకాల బ్యాక్టీరియాను మొక్కజొన్న కంకి పొడి మీద ఎక్కించి 'ఆయిల్‌జాపర్' చేసింది. అది ఎక్కువగా వాడినది నేల మీది నూనె బురద గుంటల్లో. అక్కడ ఎరువూ, తడీ మన చేతిలో ఉంటాయి, సముద్రంలో ఉండవు.

రామ్నోలిపిడ్ సంగతి. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్ పేలినప్పుడు సుమారు 70 లక్షల లీటర్ల కృత్రిమ డిస్పర్సెంట్ వాడారు. అంత రామ్నోలిపిడ్ అప్పట్లో ఎక్కడా లేదు. తయారీలో పెద్ద తలనొప్పి నురగ: బ్యాక్టీరియాకు గాలి ఊదాలి, ఊదితే తయారైన సర్ఫాక్టెంటే నురగై ఫెర్మెంటర్ మూత దాటి పొర్లుతుంది. నురగ మందు వేస్తే దిగుబడి, శుద్ధి రెండూ దెబ్బతింటాయి. జర్మనీకి చెందిన ఎవోనిక్ స్లొవేకియాలో పెద్ద ఫ్యాక్టరీ పెట్టింది గానీ, ఆ సరుకు పోతున్నది షాంపూలకు, గిన్నెల సబ్బులకు. లీటరుకు ఎక్కువ ధర పలికేది అక్కడే.